కొల్లేటికి రెండో తీర్పు

కైకలూరు, మండవల్లి, ఏలూరు వైపు లంక గ్రామాల్లో ఎన్నికలొచ్చినప్పుడల్లా ఒక హామీ వినిపిస్తుంది: ఐదో కాంటూరును మూడుకు కుదిస్తామని. కాంటూరంటే సముద్రమట్టం నుంచి అన్ని అడుగుల ఎత్తున గీసిన హద్దు. రెండడుగులే కదా అనిపిస్తుంది. కొల్లేరు సరస్సు పళ్లెంలా పరుచుకున్న నేల. ఆ రెండడుగులతో అభయారణ్యంలో సగానికి పైగా బయటికొస్తుంది.

ఆ హద్దు 1999లో పడింది. ఐదో కాంటూరు లోపల 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది. 2002లో చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ రామ్‌సార్ గుర్తింపు వచ్చింది. 2006లో ప్రొక్లెయిన్లు దిగి చేపల చెరువుల గట్లు తెంపేశాయి. రెండేళ్లకే, 2008లో, శాసనసభ మూడో కాంటూరుకు కుదించాలని తీర్మానం చేసింది.

ఒక సమాజం తాను తీసుకున్న పెద్ద నిర్ణయాన్ని మళ్లీ తిరగదోడవచ్చా? 2016లో బ్రిటన్ ప్రజలు 51.9 శాతం ఓట్లతో ఐరోపా సమాఖ్య నుంచి బయటికి రావాలన్నాక, రెండోసారి అడగాలా వద్దా అని ఆ దేశం ఏళ్ల తరబడి చీలిపోయింది. కొల్లేట్లో అలాంటి ఓటింగేమీ జరగలేదు. కానీ ప్రశ్న అదే.

మాట మీద నిలబడటమే ధర్మమంటే మనకు వెంటనే భీష్ముడు గుర్తొస్తాడు. విచిత్రవీర్యుడు సంతానం లేకుండా పోయాక, ఎవరి పెళ్లి కోసం బ్రహ్మచర్య ప్రతిజ్ఞ చేశాడో ఆ సత్యవతే వచ్చి దాన్ని వదులుకోమని బతిమాలింది. ఆయన కదల్లేదు. ఆ పట్టుదలకు దండం పెట్టే భారతమే, కర్ణపర్వంలో ఇంకో మాట చెబుతుంది. గాండీవాన్ని ఇంకొకరికి ఇచ్చెయ్యమన్నవాణ్ని చంపుతానని అర్జునుడి ప్రతిన. ధర్మరాజే కోపంలో ఆ మాట అన్నాడు. అర్జునుడు కత్తి దూశాడు. అప్పుడు కృష్ణుడు అడ్డుపడి, సత్యవ్రతం పేరిట దొంగలకు దారి చూపించి నరకానికి పోయిన కౌశికుడి కథ చెప్పాడు. ఇచ్చిన మాట ఎవరి ప్రాణం తీస్తుందో చూసుకోకుండా నిలబెట్టుకోవడం ధర్మం కాదన్నాడు.

ఇక ఏథెన్స్. క్రీస్తుపూర్వం 427లో తిరగబడ్డ మిటిలీనీ నగరంలోని మగవాళ్లందర్నీ చంపాలని అక్కడి ప్రజాసభ తీర్మానించి, ఓడ పంపేసింది. మర్నాటికే జనం మనసు మారింది. తీర్మానాన్ని తిరగదోడటం బలహీనత అని క్లియోన్ వాదించాడు. తొందరా కోపమూ ఆలోచనకు శత్రువులని డయోడోటస్ జవాబిచ్చాడు. కొద్ది తేడాతో రెండో మాట నెగ్గింది. రెండో ఓడలోని వాళ్లు నూనె, ద్రాక్షసారాయి కలిపిన బార్లీ పిండి ముద్దలు తింటూనే తెడ్లు వేశారు. మరణశాసనం చదివేసరికి చేరుకున్నారు. నగరం బతికింది.

అర్జునుడి కథలోనూ, ఏథెన్స్ కథలోనూ తిరగదోడటమే సరైనది. పోయిన ప్రాణాన్ని మర్నాడు తిరిగి తెచ్చుకోలేం గనుక. కొల్లేటికి కొలత కూడా ఇదే కావాలి: ఏ తప్పును తర్వాత దిద్దుకోగలం, దేన్ని దిద్దుకోలేం?

1970ల్లో జలగం వెంగళరావు ప్రభుత్వం పేదలకు బతుకుదెరువు చూపించాలనే సదుద్దేశంతో సరస్సు గర్భంలో సొసైటీలకు చెరువులిచ్చింది. ఆ చెరువుల్లో చాలా భాగం లీజుల మీద బయటి పెట్టుబడిదారుల చేతికి పోయింది. ఆ నిర్ణయాన్ని దిద్దడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది. దిద్దినప్పుడు దెబ్బ తగిలింది గట్టు మీద కూలి చేసుకునే వడ్డి కులస్థుల కుటుంబాలకు కూడా. మూడో కాంటూరుకు కుదించి, కిక్కిస పెరిగిన చోట మళ్లీ గట్లు లేస్తే, రేపు వాటిని మళ్లీ తెంపే ధైర్యం ఏ ప్రభుత్వానికుంటుంది?

పైగా ఇది లంక గ్రామాల సొంత వ్యవహారం కాదు. బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలిసేది ఇక్కడే. నీళ్లు సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీళ్లే తర్వాత కొల్లేటి ఊళ్లనూ చుట్టుముట్టాయి. సరస్సు కుదిస్తే ఆ నీళ్లు ఎక్కడ ఆగుతాయి? కొల్లేటి ఆటపాకలో గూళ్లు కట్టే గూడబాతులకు ఓటు లేదు. రేపు పుట్టబోయే పిల్లలకూ లేదు.

అలాగని లంక రైతుల గోడు అబద్ధమూ కాదు. హద్దు గీసినప్పుడు వేల ఎకరాల జిరాయితీ భూమి అందులో చిక్కుకుంది. పాస్‌బుక్కు చేతిలో ఉన్నా సొంత పొలంలో చెరువు తవ్వుకునే వీల్లేదు. ఆ అన్యాయాన్ని తప్పకుండా తిరగదోడాలి. అది హద్దును జరపకుండానే చేయగల పని. 2008 తీర్మానం తర్వాత కేంద్రం వేసిన అజీజ్ కమిటీ చెప్పింది కూడా అదే: గీతను కదపొద్దు, ప్రైవేటు భూములకు పరిహారమివ్వండి. చట్టం ప్రకారం కూడా జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు లేకుండా అభయారణ్యం హద్దును రాష్ట్రం మార్చలేదు.

కాబట్టి ముందు తేలాల్సింది పరిహారం. అది రైతుల ఖాతాల్లో పడ్డాక కూడా ఊళ్లు మూడో కాంటూరే కావాలంటే, ఆ కోరిక మండలి ముందుకు ఒంటరిగా పోకూడదు. ఎగువన బుడమేరు ఒడ్డున ఇళ్లు మునిగినవాళ్ల వాదన కూడా దానితోపాటే అక్కడ వినాలి.