మూగజీవి బాధ – శివభక్తుని దయ

బసవేశ్వరుడు దయను ధర్మమునకు పునాదిగా నిలిపెనని మన యిండ్లలో పసిపిల్లలకు సైతము తెలియును. అయితే దయ యనునది ఎల్లప్పుడు ఒక్క త్రోవనే నడచునది కాదు. ప్రాణము నిలుపుట దయయే. బాధ మాన్పుటయు దయయే. ఈ రెండును ఒకదాని కొకటి యెదురు నిలిచినపుడు శివభక్తుడు దేనిని చేపట్టవలెను? ఇది గ్రంథములు చదివి కల్పించుకొన్న ప్రశ్న కాదు. గడచిన సంవత్సరము మా యింటి కుక్క, రెండేండ్లు నిండినది, ఎముక క్యాన్సరుతో మరణించినది. నాటినుండి ఈ విచారము నన్ను విడువలేదు.

పిల్లలు రాజా యని పేరు పెట్టుకొన్న ఆ కుక్క లాబ్రడారు జాతిది. ఎడమ ముందుకాలు కుంటుచుండగా నొప్పికి మందు లిచ్చిరి, తగ్గలేదు. ఎక్స్‌రే తీసి, ఎముక ముక్కను పరీక్షకు పంపి, పశువైద్యులు దానిని ఆస్టియోసార్కోమా యనిరి. కుక్కలకు ఎముకలలో పుట్టు క్యాన్సరులలో నూటికి 85 వంతులు ఇదియే. పెద్ద శరీరముగల జాతులకు, అందునను ఏడెనిమిదేండ్లు దాటిన వానికి ఎక్కువగా వచ్చును. ఏడాదిన్నర, రెండేండ్ల ప్రాయమున వచ్చుటయు కలదు. బంధువులలో ఒకరు ఇది పూర్వజన్మ కర్మ యనిరి. తన కష్టమును కర్మఫలమని యోర్చుకొనుట వేఱు. ఎదుటి ప్రాణి కష్టమును చూచి ఆ మాట యని తొలగిపోవుట వేఱు. ఈ రెండవది దయను తప్పించుకొను ఉపాయమే గాని శివజ్ఞానము కాదని నా యభిప్రాయము.

రోగపు స్వభావ మెఱుగనిదే ధర్మవిచారణ సాగదు. ఇది కాలిలో పుట్టినను కాలిలో నిలువదు. కనుగొను నాటికే నూటికి 90 కుక్కలలో, ఏ పరీక్షకును చిక్కని సూక్ష్మకణములు ఊపిరితిత్తులు మొదలగు చోట్లకు చేరియుండును. కాలు తీసివేసినచో నొప్పి పోవును గాని ఆయువు సుమారు నాలుగైదు నెలలే. పిదప కార్బోప్లాటిన్ వంటి మందును మూడేసి వారముల కొకమారు నరములోనికి ఎక్కించినచో పది, పన్నెండు నెలలు. రెండేండ్లు బ్రదుకునవి ఇంచుమించు అయిదింట ఒకటి. ఏమియు చేయక విడిచినచో ఎముక గుల్లబాఱి ఒకనాడు నడచుచుండగనే విఱుగవచ్చును. మేము కాలు తీయించి, మందును ఎక్కించుటకు ఒప్పుకొంటిమి.

కాలు పోయిన కుక్క మూల గూర్చుండునని యెంచితిమి. పదునైదు దినములలో రాజా మూడు కాళ్లతో పెరడంతయు పరుగిడెను. మనుష్యునకు అవయవము పోయినచో అద్దమున్నది, నలుగురి చూపు లున్నవి, రేపటి చింత యున్నది. కుక్కకు ఇవి యేవియు లేవు. నొప్పి పోయినది, అంతే. ఆ యుత్సాహమును చూచి చిన్నబోయినవారము మేమే.

ఇంత సొమ్ము ఒక కుక్కకా, అదే మఠమున అన్నదాసోహమునకు ఇచ్చిన పుణ్యము గదా యని కొందఱు అడిగిరి. అడుగదగిన ప్రశ్నయే. కాని దాసోహము పుచ్చుకొనువాని యోగ్యతను తూచి చేయునది కాదు. హావినహాళ కల్లయ్య కుక్కచేత వేదము చెప్పించిన కథను మన పిల్లలకు చెప్పి, గడపలోని కుక్కకు మందు దండుగ యనుట పొసగదు. అట్లని అప్పులు చేసి, బిడ్డల చదువు మాన్పించి ఈ చికిత్స చేయించుమని నేను చెప్పను. శక్తిలేని గృహస్థు నొప్పి తగ్గు మందు మాత్రమే యిప్పించి దగ్గఱ కూర్చున్నచో ఆతని దయ మా దయకన్న తక్కువది కాదు.

ఖర్చుకన్న కఠినమైన ప్రశ్న వేఱొకటి గలదు. బలికి తెచ్చిన గొఱ్ఱెను గూర్చి బసవేశ్వరుని వచన మున్నది. చావు దాపున నున్నను ఆ జీవి తోరణపు పచ్చనాకును మేయును. దీనిని జీవబలిని ఖండించుటకు చెప్పుకొందుము, అది సరియే. నాకు ఇందు మఱియొకటియు తోచినది. పశువునకు రేపు లేదు. పది నెలల ఆయువు పెరిగినదన్న లెక్క మన గోడమీది పంచాంగములోనిది. సూది పోటు, వాంతి, ఆకలి చచ్చుట – ఇవి దానికి నేటివి. మనుష్యుడైన రోగి కుమార్తె పెండ్లి చూచువఱకు ఓర్చుకొందునని బాధకు తానై సమ్మతింపగలడు. కుక్కకు అట్టి సమ్మతి లేదు. కావున దాని నేటి దినము దానికి బాగుగ నుండునంతవఱకే చికిత్స ధర్మము. పశువైద్యులును ఈ లెక్కనే పాటింతురు. రోగమును ఎట్లయినను తుదముట్టించుటకు గాక, ప్రాణి హాయిగ నుండుటకు తగినంత మోతాదే యిత్తురు. రాజాకు మందు పడిన మఱునా డొకటి రెండు పూటలు తిండి తగ్గెడిది, అంతకు మించి బాధ లేదు.

ఎనిమిదవ నెలలో దగ్గు మొదలైనది. ఊపిరితిత్తులలో గడ్డలు కనబడినవి. మాత్రలతో కొంతకాలము గడచినది. పిదప పండుకొన్నచో ఊపిరాడక, రాత్రులు మెడ చాచి కూర్చుండియే యుండెడిది. అప్పుడు వైద్యుడు సూదిమందుతో ప్రశాంతముగ ప్రాణము విడిపించుటను గూర్చి ఆలోచింపుమనెను. మా తల్లిగారు ఒప్పుకొనలేదు. “ఇచ్చినవాడు శివుడు; తీయుటకు మన మెవరము?” అనిరి. నా కుమారుడు ఆ రొప్పు వినలేకున్నాననెను.

ఈ తగవు క్రొత్తది కాదు. 1928లో సబర్మతి ఆశ్రమమున, కోలుకొను ఆశ లేక యాతన పడుచున్న దూడకు గాంధీజీ సూదిమందుతో ప్రాణము తీయించెను. ఆ సంగతి తానే పత్రికలో వ్రాయగా కోపపు జాబులు వెల్లువగ వచ్చినవి. స్వార్థముతోగాని క్రోధముతోగాని చంపుట హింస యనియు, శస్త్రవైద్యుని కత్తి హింస కానట్లే ఇదియు కాదనియు ఆయన వాదించెను. బ్రదికించి యుంచుటయే క్రూరత్వమగు స్థితి జంతువునకు గలుగునని 1960 నాటి జంతుహింస నివారణ చట్టము సైతము అంగీకరించినది. అయినను గాంధీజీ చేసెను గదా, చట్ట మొప్పినది గదా యనుటతో తీరదు. అనుభవమంటపమున శరణులు పెద్దల మాటనైనను ప్రశ్నించియే గ్రహించిరి.

నాకు తోచిన విచార మిది. బలి యిచ్చువానికి పుణ్యము కావలెను, కసాయికి మాంసము కావలెను. ఆ రెండింటను జీవి ప్రాణము ఎదుటివాని లాభమునకు పోవుచున్నది. ఇచట లాభ మెవరిది? మా నిద్రకొఱకు, మా ఖర్చు తగ్గుటకొఱకు, మా కన్నులు చూడలేకపోవుటచేత అయినచో, సూదిమందుతో చేసినను అది బలియే. ముసలిదైనదని, కఱచుచున్నదని కుక్కలకు ఆ సూది వేయించుటను నేను సమ్మతింపను. అందుచేత మా కోడలు ఒక నోటుపుస్తకమున దినదినమును వ్రాసినది: తిన్నదా, పండుకొని నిద్రించినదా, గేటు చప్పుడునకు లేచినదా, తోక యాడించినదా. మా మనస్సుల మాట గాక దాని దినముల మాట వినుట కంతకన్న వేఱు దారి కనబడలేదు. వరుసగ నాలుగు దినములు నాలుగింటికిని లేదనియే వ్రాయవలసి వచ్చినది. అయిదవ దినమున వైద్యుని ఇంటికి పిలిపించితిమి. మొదట మత్తుమందు, పిదప రెండవది. ఎనిమిది నెలలకు పైగా విడువక చేసిన చికిత్సకును, ఆనాటి సూదికిని నాకు కారణ మొక్కటే.

మా తల్లిగారు వలదన్న మాట వలదనియే యుంచి, వైద్యుడు వచ్చినపుడు లోపలికి పోక, రాజా తల ఒడిలో నుంచుకొని పంచాక్షరి జపించిరి. చేనిలో వేపచెట్టు క్రింద గోయి తీసి పూడ్చితిమి. ఇల్లు కడుగవలెనా యని పొరుగువారడుగగా, మనకు మృతసూతకము లేదని చెప్పినవారును ఆమెయే. ఆనాడు చేసినది సరికాదని ఆమె నేటికిని అనుచునే యున్నారు. నేను ఎదురు చెప్పుట మానుకొంటిని గాని, నా యభిప్రాయమును మార్చుకొనలేదు.