తల్లి పేరు దాచవలెనా?

ధ్యానభాగము: నెహెమ్యా 1, 2 అధ్యాయములు



తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో బిడ్డలను అమెరికాకు పంపిన కుటుంబములు అనేకములు గలవు. ఆ బిడ్డలలో కొందరు అచ్చటి పౌరులై, ప్రభుత్వ రహస్యములతో ముడిపడిన ఉద్యోగములు కోరుదురు. అట్టి పనికి భద్రతా అనుమతి కావలెను. దానికొరకు నింపవలసిన పత్రములో తల్లిదండ్రులు, తోబుట్టువులు, అత్తమామలు ఎక్కడ నున్నారు, ఏ దేశ పౌరులు అని అడుగుదురు. పరదేశమందలి ఆస్తిని గూర్చియు అడుగుదురు.

ఒక కుమారుని తలంచుకొనుడి. తల్లి రేపల్లెలో, అన్న బాపట్లలో నున్నారు; తెనాలి చెంత పిత్రార్జితమైన రెండెకరముల మాగాణి గలదు. ఇవన్నియు వ్రాయవలసినవే. ఆ సంగతి విని తల్లి, "నీకు నేనే అడ్డమైతినా? నా పేరు వ్రాయకురా నాయనా" అని కంటతడి పెట్టినయెడల అతడేమి చేయవలెను?

మొదట నియమములను తెలిసికొందము. 2017 జూన్ 8 నుండి అమలులోనున్న అమెరికా మార్గదర్శక సూత్రముల ప్రకారము, పరదేశమందు బంధువులుండుట గాని, రెండు పౌరసత్వములుండుట గాని తనంతట తానే అనర్హత కాదు. ఆ బంధమును పట్టుకొని ఎవరైనను అతనిని బెదరించి రహస్యము రాబట్టగలరా అని విచారింతురు. మనిషి నడవడియంతయు తూచి చూతురు. అయినను సందేహము మిగిలినయెడల దేశభద్రత పక్షముననే తీర్పు జరుగును.

మన దేశములోనైతే రాజ్యాంగపు 9వ అధికరణము, 1955 నాటి పౌరసత్వ చట్టము ద్వంద్వ పౌరసత్వమును ఒప్పుకొనవు. 2006లో హైదరాబాదునందు ఆరంభమైన ఓ.సీ.ఐ. పథకపు కార్డు వలన రాకపోకలు సులభమగును గాని ఓటు హక్కు రాదు.

ఇక నెహెమ్యాను చూడుడి. అతడు షూషను కోటలో పారసీక రాజునకు గిన్నె అందించువాడు. రాజు ప్రాణమే అతని చేతిలో నుండెను. అయినను అతని సహోదరుడు హనానీ యూదా దేశమునుండి వార్త తెచ్చినప్పుడు అతడు కూర్చుండి యేడ్చెను. దుఃఖ కారణమును రాజు అడుగగా మిగుల భయపడెను. కాని పితరుల పట్టణమును గూర్చి దాచలేదు. రాజు అతనికి సెలవును తాకీదులను ఇచ్చెను.

నిజము చెప్పినవారికెల్ల ఇట్టి ఫలమే కలుగునని చెప్పజాలము. నిర్దోషియైనవాడు సయితము తన వారున్న చోటు కారణముగా ఉద్యోగము పోగొట్టుకొనవచ్చును. అది చిన్న నష్టము కాదు. అయితే తల్లి పేరు దాచినవాడు అంతకంటె గొప్ప ఉచ్చులో పడును. ఆ దాచిన సంగతి నెరిగినవాడే అతనికి యజమానుడగును. ఏ బెదరింపునకు ప్రభుత్వము భయపడెనో, దానికి అతని అబద్ధమే త్రోవ చేయును.

ఇంటనున్న మనకును ఒక బాధ్యత గలదు. బిడ్డ పనిని గూర్చి తరచి తరచి అడుగకుడి. నలుగురిలో అతిశయముగా చెప్పకుడి. అతని పలుకుబడిచేత ఇతరుల పనులు చేయింపజూడకుడి.

అమ్మా, నీ పేరు వ్రాయనిమ్ము. అది నీ మీద మోపిన నింద కాదు; నీవు తన తల్లివని అతడు ఒప్పుకొనుట. ఉద్యోగము వచ్చినను రాకపోయినను అతడు నీ కుమారుడే. నిన్ను దాచి సంపాదించిన కూడు అతనికి ఒంటబట్టదు.