సొంత యింటికి అనుజ్ఞ యేల?

తన ధనముతో కొన్న యింటిని తన యిచ్చవచ్చినట్లు మార్చుకొనుటకు ఇతరుల అనుమతి యేల? ఈ ప్రశ్న పాత యిండ్లు గల ప్రతి దేశమునందును వినబడుచుండును. పైకి ఇది న్యాయవాదులు తేల్చవలసిన విషయముగా తోచును. లోతుగా చూచినచో ఇది ధర్మవిచారణయే. స్వామిత్వ మనగా నేమి, దాని యెల్ల యెక్కడ అను చింత ఇందు ఇమిడియున్నది. ఈ విచారణకు ఇంగ్లండు దేశపు శాసనము తగిన ఉదాహరణము.

ఆ దేశమున 1947వ సంవత్సరపు పట్టణ గ్రామ ప్రణాళికా శాసనము ననుసరించి చారిత్రక భవనముల పట్టిక దేశమంతటను వ్రాయబడసాగెను. అట్టి భవనమును మార్చుటకు ముందుగా అనుమతి పొందవలెనను నియమము 1968వ సంవత్సరపు శాసనముతో వచ్చినది. నేడు 1990వ సంవత్సరపు శాసనము అమలులో నున్నది. పట్టికలో 3,50,000కు మించిన నమోదులు కలవు. ఇవన్నియు రాజప్రాసాదములు కావు. నూటికి 90కి పైగా మూడు తరగతులలో చివరిదానికి చెందినవి. రైతుల యిండ్లు, వీథివరుసలలోని సామాన్య గృహములు వానిలో అనేకములు.

ఉన్నదానిని ఉన్నట్లే బాగుచేయుటకు సాధారణముగా అనుమతి అక్కరలేదు. గృహస్వరూపమును మార్చు పని మాత్రము, వెలుపలిదైనను లోపలిదైనను, స్థానిక కౌన్సిలువారి అనుమతి లేక చేయరాదు. పాత కిటికీని తీసి క్రొత్తరకపు దానిని పెట్టుట, అడ్డుగోడను తొలగించుట, మెట్లను వేరొకచోటికి మార్చుట ఇట్టి పనులు. యజమాని పటములతోను, ఆ పనివలన గృహవిశేషములకు కలుగు మార్పును తెలుపు వ్రాతతోను దరఖాస్తు పెట్టుకొనవలెను. దీనికి రుసుము లేదు. సాధారణముగా 8 వారములలో నిర్ణయము తెలుపవలెను. అనుమతి లేక మార్చుట నేరము. అందులకు 2 సంవత్సరముల వరకు చెరసాల గాని, జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

ఇందుకు పూర్వపక్షి యిట్లనును: “కారుచున్న కప్పు క్రింద నుండువాడను నేను. చలికి వణకువారు నా బిడ్డలు. మెట్లెక్కలేని వృద్ధురాలు నా తల్లి. చూచి సంతోషించువారు దారిన పోవువారు. వ్యయము మాత్రము నాది. ఇది యెక్కడి న్యాయము?” ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. ఇల్లు మనుష్యుని కొరకు గాని, మనుష్యుడు ఇంటి కొరకు కాడు గదా!

సమాధానములో మొదటి అంశము జ్ఞానమునకు సంబంధించినది. పందొమ్మిదవ శతాబ్దములో ఇంగ్లండున పునరుద్ధరణ మను పేరిట అనేక చర్చీల పాత గారను గీకివేసి, కాలక్రమమున చేరిన భాగములను తొలగించి, లేని ప్రాచీనతను కల్పించిరి. విలియం మోరిస్ మొదలైనవారు 1877లో ఒక సంఘమును స్థాపించి దీని నెదిరించిరి. చెరిపినవారు దుష్టులు కారు. మేలు చేయుచున్నామనియే తలచిరి. గృహములందును ఇట్లే జరుగును. సున్నముతో కట్టిన గోడ తేమను పీల్చి మరల విడుచుచుండును. దాని సందులను గట్టి సిమెంటుతో పూడ్చినచో తేమ వెలికి పోలేక ఇటుకలలో నిలిచి, చలికాలమున గడ్డకట్టి, మెత్తని యిటుకను పగులగొట్టును. సద్భావ మొక్కటియే చాలదు. తెలిసినవారిని అడుగుట అవసరము.

రెండవ అంశము స్వామిత్వమునకు సంబంధించినది. మనువు చెప్పిన పదునెనిమిది వివాదపదములలో నిక్షేప మొకటి. ఒకరు నమ్మి యుంచిన వస్తువును కాపాడువాడు దానికి రక్షకుడే గాని యజమాని కాడు. పాత యింటిని కొన్నవాడు క్రయముచే నిస్సందేహముగా యజమానియే. అయినను కట్టినవారు గతించిరి. రేపు వసింపబోవువారు ఇంకను పుట్టలేదు. వారి నడుమ నున్నవాడు కొంత రక్షకుడు కూడ అగుచున్నాడు. ఇంగ్లండు శాసనమున ఒక విశేషము కలదు. అనుమతి లేక చేసిన మార్పును సరిచేయుమని ఆజ్ఞాపించుటకు కాలపరిమితి లేదు. ఇల్లు చేతులు మారినచో ఆ భారము కొన్నవానిపై పడవచ్చును. ఒకడు నేడు దాచి చేసిన పని రేపొక నిరపరాధికి ఋణమగును.

వరాహమిహిరుని బృహత్సంహితలో వనసంప్రవేశ మను అధ్యాయము కలదు. ప్రతిమకై చెట్టును కొట్టబోవువాడు ముందుగా దానిని పూజించి, అందు వసించు భూతములను బలి గైకొని వేరొక తావునకు తరలుడని ప్రార్థింపవలెనని అందు చెప్పబడినది. గొడ్డలి చేత నున్నది, చెట్టు ఎదురాడజాలదు, అయినను అడుగవలెను. అడుగుట యనగా తన శక్తికి తానే హద్దు నేర్పరచుకొనుట.

అయితే ధర్మము అడుగువానికి మాత్రమే కాదు, అనుమతి నిచ్చువానికిని కలదు. వేసవిలో అడిగిన కప్పునకు వర్షములు గడచిన పిదప అనుమతి యిచ్చుట నిరాకరించుటకంటె మేలు కాదు. వృద్ధురాలికి మెట్లు వలదన్నప్పుడు ఏ మార్గము తగునో చెప్పుటయు అధికారి విధియే. ఆనందములో భాగము కోరు సమాజము భారములోను భాగము పంచుకొనవలెను. నిరాకరింపబడినవాడు 6 మాసములలో పైవారికి విన్నవించుకొనుటకు ఆ శాసనము వీలు కల్పించినది. ఆపద్ధర్మమును కూడ అది మరువలేదు. ప్రాణరక్షణకు గాని, ఆరోగ్యమునకు గాని, భవనరక్షణకు గాని అత్యవసరమై, తాత్కాలికమైన ఊతతో గడువనప్పుడు, కావలసినంత మాత్రమే చేసి వెంటనే వ్రాతమూలముగా తెలిపినవానికి దోషము లేదు.

మన దేశములోను ఇట్టి నియమము కలదు. కేంద్రప్రభుత్వ రక్షణలో నున్న ప్రాచీన కట్టడములకు చుట్టును కనీసము 100 మీటర్లు నిషిద్ధప్రాంతమనియు, ఆపై 200 మీటర్లు నియంత్రితప్రాంతమనియు 1958వ సంవత్సరపు శాసనమునకు 2010లో జరిగిన సవరణ చెప్పుచున్నది. నిషిద్ధప్రాంతములో పూర్వమే యున్న యింటిని బాగుచేసికొనుటకు అనుమతి కోరవచ్చును. ప్రాచీనాలయముల చెంత నివసించు గృహస్థులు పలువురు ఈ నియమమునకు లోబడినవారే.

కావున అనుజ్ఞ కోరుట స్వామిత్వమునకు అవమానము కాదు. ఉన్నది ఉన్నట్లు చెప్పి అడుగుట గృహస్థుని ధర్మము. కాలము మీరక, కారణము తెలిపి, కనికరముతో ఉత్తర మిచ్చుట అధికారి ధర్మము. ఈ రెండును కలిసిననాడు ఇల్లును నిలుచును, ఇంటివారును సుఖింతురు.