తిరుగు బస్సు ఎక్కాక

కదిరి బస్టాండులో తెల్లవారుజామున బెంగళూరు బస్సు ఎక్కేవాళ్ళలో కూలిపనికి పోయేవాళ్ళు, చదువులకు పోయే పిల్లలు, సరుకు కోసం పోయే వ్యాపారులు ఉంటారు. వాళ్ళ మధ్య ఇంకో రకం ప్రయాణికులూ కనిపిస్తారు. ఒళ్ళో స్కానింగుల కవరు, చేతిలో నీళ్ళ సీసా, కిటికీ పక్కన జాగ్రత్తగా కూర్చోబెట్టిన పెద్దాయనో, పెద్దామో. వాళ్ళు పోయేది బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రికి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు కూడా నరాల జబ్బు అనగానే జనం నోట మొదట వచ్చే పేరు అదే. రాష్ట్రం వేరైనా ఈ ఊళ్ళకు విజయవాడ కన్నా, హైదరాబాదు కన్నా బెంగళూరే దగ్గర.

పోయేటప్పుడు ఆశతో పోతారు. వచ్చేటప్పుడు జబ్బు పేరు తెలుసుకుని వస్తారు. అల్జీమర్స్ అనో, పార్కిన్సన్స్ అనో, మోటార్ న్యూరాన్ జబ్బు అనో. దాంతోపాటు ఒక మాట. "ఇది పూర్తిగా తగ్గేది కాదు, మందులు వాడుతూ ఇంట్లో జాగ్రత్తగా చూసుకోండి." ఆ మాటలో అబద్ధమేమీ లేదు. అయితే జాగ్రత్తగా చూసుకోవడమంటే ఏం చేయాలి, ఎవరు చేయాలి, ఆ చేసేవాళ్ళు అలిసిపోతే దిక్కెవరు అన్నవి తిరుగు బస్సు ఎక్కాకే గుర్తొస్తాయి. మెదడును శోధించే శాస్త్రం గొప్పతనాన్ని ఆ తిరుగు ప్రయాణం తర్వాతి రోజుల్లోనే తూచి చూడాలి.

మెదడు క్షీణించే జబ్బుల మీద తెలుగు గడ్డన జరిగి, ప్రపంచమంతా చదివిన పరిశోధన డాక్టర్ సువర్ణ అల్లాడిది. ఇప్పుడామె నిమ్హాన్స్‌లో న్యూరాలజీ ప్రొఫెసర్. అంతకుముందు హైదరాబాదు నిమ్స్‌లో పనిచేశారు. అక్కడి మెమరీ క్లినిక్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా (మతి, జ్ఞాపకం క్షీణించే జబ్బు) రోగుల వివరాలను ఆమె బృందం ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బాక్‌తో కలిసి పరిశీలించి, 2013లో 'న్యూరాలజీ' పత్రికలో ప్రచురించింది. వాళ్ళలో 391 మంది రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ భాషలు మాట్లాడేవాళ్ళు. ఒకే భాష వచ్చినవారికన్నా వీరిలో జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా బయటపడింది. బడి మొహం చూడనివారిలోనూ ఈ తేడా ఉంది. మూడో భాషో నాలుగో భాషో వస్తే అదనంగా కలిసొచ్చిందేమీ లేదు.

ఈ సంగతి ఈ సరిహద్దు సీమవాళ్ళకు చెప్తే ముందు ఆశ్చర్యపోతారు, తర్వాత నవ్వుకుంటారు. హిందూపురం చింతపండు మార్కెట్‌లో బేరం తెలుగులో మొదలై కన్నడంలో తెగుతుంది. కదిరిలో తెలుగు మాట్లాడే ఇంటికి ఉర్దూ మాట్లాడే ఇల్లు పొరుగు. వీళ్ళు భాషలు నేర్చుకోవడానికి ఎక్కడికీ పోలేదు, బతకడం కోసం రెండు భాషలు పట్టుబడ్డాయి. ఒక భాష మాట్లాడేటప్పుడు రెండోదాన్ని ఆపి పెట్టుకునే ఈ నిత్య సాధనే మెదడుకు బలమిస్తుందని ఆ పరిశోధకుల ఊహ. అమెరికాలో ఆరోగ్యంగా ఉన్నవారిని ఏళ్ళ తరబడి వెంబడించి చూసిన కొన్ని అధ్యయనాల్లో మాత్రం ఇలాంటి మేలు తేలలేదు. కాబట్టి చర్చ ఇంకా నడుస్తోంది.

మన దేశంలోని ఇలాంటి బృందాలు చేసిన ఇంకో పని గురించి జనానికి అంతగా తెలియదు. జ్ఞాపకశక్తి పరీక్షలు చాలావరకు చదువుకున్న పాశ్చాత్యుల కోసం తయారైనవి. గడియారం బొమ్మ గీయమంటే, పలకా బలపం పట్టని వేరుశనగ రైతు ఏం గీస్తాడు? గీయలేకపోతే అది జబ్బా, చదువు లేకపోవడమా? ఈ చిక్కు విడదీయడానికి భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో తెలుగు, కన్నడ, హిందీ, బెంగాలీ, మలయాళ భాషల్లో, అక్షరం రానివారికీ సరిపోయేలా, కొత్త పరీక్షలు రూపొందాయి. మనిషిని అతని భాషలో అడగడం వైద్యానికి తొలి మర్యాద.

ఆలస్యంగానైనా జబ్బు రావడం మాత్రం తప్పడం లేదు. 2023లో వెలువడిన జాతీయ స్థాయి అంచనా ప్రకారం దేశంలో అరవై ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉంది. పట్నాలకన్నా పల్లెల్లోనే ఎక్కువ. పల్లెల్లో దాన్ని చాదస్తమంటారు. "వయసైపోయింది, ఇంగ అంతే" అంటారు. జబ్బని తెలియక అన్నం తిన్న గంటకే మళ్ళీ అడిగిన అవ్వను కసురుకుంటారు. తెలిసినవాళ్ళు కూడా ఒక్కోసారి అదే చేస్తారు, ఎలాగూ గుర్తుండదు కదా అని.

గుర్తుండదు. కానీ నొప్పి ఉంటుంది. 2014లో అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 17 మంది అల్జీమర్స్ రోగులకు ఏడిపించే సినిమా ముక్కలు చూపించారు, మరోసారి నవ్వించేవి చూపించారు. కాసేపటికి వాళ్ళు ఏం చూశారో మరిచిపోయారు. ఒకరికైతే అసలు సినిమా చూసినట్టే గుర్తులేదు. అయినా ఆ దుఃఖం, ఆ సంతోషం మనసులో అలాగే నిలిచి ఉన్నాయి. ఎందుకు బాధగా ఉందో తెలియని బాధ అది. జ్ఞాపకాలు పోయాక మనిషిలో ఇంకేం మిగులుతుందని తాత్వికులు అడిగే ప్రశ్నకు ఇంతకన్నా సూటి జవాబు దొరకడం కష్టం. కసురు మరిచిపోయిన అవ్వ సాయంత్రం దాకా ముడుచుకుని కూర్చుంటే, ఆ కసురు ఇంకా ఆమెలో ఉందన్నమాట.

జబ్బు ముదిరాక జరిగేవి ఇంకా పచ్చిగా ఉంటాయి. వైద్య పరిశోధకురాలు సూసన్ మిచెల్ బృందం బోస్టన్ చుట్టుపక్కల 22 నర్సింగ్ హోముల్లోని 323 మంది ముదిరిన డిమెన్షియా రోగులను ఏడాదిన్నర గమనించి 2009లో ఫలితాలు ప్రకటించింది. ఆలోపే సగానికి పైగా చనిపోయారు. వందలో 86 మందికి తినడంలో, మింగడంలో ఇబ్బంది వచ్చింది. ఆఖరి మూడు నెలల్లో పదిమందిలో నలుగురు ఆసుపత్రికి తరలింపో, సెలైనో, గొట్టంతో ఆహారమో, ఇలా ఏదో ఒక ప్రయాసకు గురయ్యారు. ఇది మరణానికి తీసుకుపోయే జబ్బేనని, ఇకపై ఏం జరుగుతుందో ముందే అర్థం చేసుకున్న కుటుంబాల్లో ఈ ప్రయాస బాగా తగ్గింది. అంటే ఒక డాక్టరు కూర్చుని అరగంట విడమరిచి చెప్పడం కూడా చికిత్సే.

ముక్కులోంచి గొట్టం వేస్తే ఆయుష్షు పెరుగుతుందనుకుంటాం. ముదిరిన డిమెన్షియాలో అలా పెరిగినట్టు ఆధారాల్లేవు. చేత్తో ఓపిగ్గా తినిపించడమే మేలని అమెరికా వృద్ధుల వైద్యుల సంఘం చెబుతోంది. దానికో పద్ధతి ఉంది. పడుకోబెట్టి పోయకూడదు. వీపుకు దిండ్లు ఆనించి నిటారుగా కూర్చోబెట్టాలి. గడ్డం కాస్త కిందికి వంచాలి. చిన్న చెంచాతో పెట్టి, గొంతు కదిలేదాకా ఆగాలి. పలుచని నీళ్ళకు పొలమారుతుంది, రాగిజావ చిక్కగా కాస్తే సులువుగా దిగుతుంది. తిన్నాక అరగంట అలాగే కూర్చోనివ్వాలి. గిన్నెడు జావకు ముప్పావు గంట పట్టొచ్చు. ఆ ముప్పావు గంటలో పొయ్యి మీద కూర మాడుతుంటుంది, బడి నుంచి పిల్లాడు వస్తాడు.

మాట పడిపోయినవారి నొప్పి సంగతీ అంతే. అడిగితే చెప్పలేరు కాబట్టి నొప్పి లేదనుకుంటారు. ఊపిరి తీరు, మూలుగు, ముఖం ముడుచుకోవడం, చేతులు బిగపట్టడం, ఓదార్చినా ఊరుకోకపోవడం, ఈ అయిదింటిని చూసి నొప్పిని పదికి ఎంతో లెక్కగట్టే పద్ధతి 2003లోనే వచ్చింది. ఒక పూటలో నేర్పొచ్చు. ఆశా కార్యకర్తకు నేర్పొచ్చు, ఇంటి కోడలికీ నేర్పొచ్చు.

పాలియేటివ్ కేర్ (ఉపశమన వైద్యం) అంటే ఇవన్నీ. అది క్యాన్సర్ చివరి రోజులకే అనుకోవడం పాత మాట. నాడీ వైద్యుడు బెంజి క్లూగర్ బృందం పార్కిన్సన్స్, దాని కోవకు చెందిన జబ్బులున్న 210 మందితో చేసిన అధ్యయనం 2020లో వెలువడింది. మామూలు వైద్యానికి ఉపశమన వైద్యం జోడిస్తే ఆరు నెలలకు రోగుల బతుకు మెరుగైంది. ఆ అధ్యయనంలో మరో అంకె ఉంది: 175. ఇంట్లో వాళ్ళను చూసుకుంటున్నవారి సంఖ్య అది. వాళ్ళను కూడా లెక్కలోకి తీసుకున్నారు.

మన కథల్లో చూసుకునేవాళ్ళకు ఆ లెక్క దక్కదు. కదిరికి పాతిక కిలోమీటర్ల దూరాన గూటిబైలులో తిమ్మమ్మ మర్రిమాను ఉంది. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. కుష్ఠు సోకిన భర్త బాలవీరయ్యకు తిమ్మమ్మ సేవ చేసిందని, 1434లో అతను పోతే చితిలో దూకిందని, చితి గుంజే మర్రిగా మొలిచిందని స్థలపురాణం. అందరూ చెప్పుకునేది ఆ చితి గురించే. దానికి ముందు ఆమె కడిగిన పుండ్లు, మేలుకున్న రాత్రులు కథలో ఒక్క వాక్యంలో దాటిపోతాయి. చూసుకునే మనిషి తానూ కాలిపోవడమే ధర్మమన్న నమ్మకం మనలో ఎంత లోతుగా నాటుకుందో ఆ చెట్టు కింద నిలబడితే తెలుస్తుంది. ఈ నమ్మకాన్ని వదులుకోవాలి. మంచం పట్టిన మనిషి పక్కన ఉన్న మనిషికి నిద్ర, సెలవు, నడుంనొప్పికి మందు దక్కాలి.

చట్టం ఇంకా అక్కడిదాకా రాలేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో పార్కిన్సన్స్ పేరుంది, డిమెన్షియా పేరు లేదు. సదరం వైకల్య సర్టిఫికెట్ కోసం తిరిగే కుటుంబానికి మొదటి చిక్కు అక్కడే. పక్షవాతంతో మంచానికే పరిమితమైనవారికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 నుంచి నెలకు 15 వేల పింఛను ఇస్తోంది. మతి పోయి మంచం పట్టినవారి ఇంటి ఖర్చు అంతకు తక్కువేం కాదు. కేరళ 2008లోనే ఉపశమన వైద్యానికి విధానం ప్రకటించి పంచాయతీల చేతికి, ఊరి వాలంటీర్ల చేతికి ఆ పని అప్పగించింది. హైదరాబాదులో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి కేంద్రంగా డాక్టర్ గాయత్రి పాలాట్ ఏళ్ళుగా ఈ పని చేస్తున్నారు. ఈ ఊళ్ళున్న సత్యసాయి జిల్లాకు సేవాభావంతో చేసే వైద్యం కొత్త కాదు. ప్రశాంతిగ్రామంలో 1991 నుంచి నడుస్తున్న పెద్దాసుపత్రి, బత్తలపల్లిలో ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ ఆసుపత్రి ఉన్నాయి. మంచాన పడ్డవాళ్ళ ఇంటికే పోయే ఒక నర్సు, ఒక బండి ప్రతి మండలానికీ ఇవ్వడం ఈ జిల్లాకు అసాధ్యమేమీ కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల నుంచి మొదలుపెట్టాలి.

అది వచ్చేలోపు బంధువులు, ఇరుగుపొరుగు చేయగలిగింది ఒకటుంది. పలకరించడానికి పోతూ పండ్లు, బిస్కెట్ ప్యాకెట్లు పట్టుకెళ్తాం. ఈసారి పోయినప్పుడు ఆ ఇంటి కోడలితో "సాయంత్రం దాకా నేను కూర్చుంటా, నువ్వు పోయి పడుకోమ్మా" అనండి. అన్నట్టే కూర్చోండి.