తిథిని చూచువాడు చెట్టును చూడవలదా?

అష్టమి, చతుర్దశి వచ్చినవనగా జైన గృహములలో పచ్చికూర వండరు. పంచాంగము గోడకు వ్రేలాడుచుండును. ఇల్లాలు దానిని చూచి చెప్పును, ఇంటిల్లిపాదియు పాటింతురు. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని ఆనాడు మానిన కూర ఏ నెలలో మొలచును, ఎప్పుడు పూచును, ఎన్నాళ్ళు బ్రతుకును అని ఆ ఇంటి కుఱ్ఱవానిని అడిగిన చెప్పలేడు. వానిని అననేల? తండ్రియు చెప్పలేడు. వనస్పతికి ప్రాణమున్నదని నమ్మి, దానిని బాధింపరాదని వ్రతము పట్టినవారు ఆ ప్రాణి ముఖమైనను ఎరుగకుండుట సరియేనా అనునది ఇచ్చటి ప్రశ్న.

బట్లహళ్ళి చింతామణి తాలూకాలోని ఊరు. ఇంటిలో మాట తెలుగు, కచేరిలో కన్నడము. ఆ సీమకు ఏడాది పొడుగున పారు నది లేదు. వాన, చెరువు, బోరుబావి ఇవే ఆధారము. ఏటి వానలో పెద్దపాలు సెప్టెంబరు, అక్టోబరు నెలలలో పడును. ఇట్టి చోట అంగడి పెట్టుకొన్న వర్తకునికి చెట్టుచేమలతో పరిచయము లేదనుటకు వీలులేదు. చింతపండు, రాగులు, వేరుసెనగ, కానుగగింజ, అనపకాయ, అన్నియు అతని త్రాసులోనికి వచ్చునవే. అయితే అతడు వానిని ఎరుగునది ధరను బట్టి. క్రొత్త చింతపండు మాఘ ఫాల్గుణములలో దిగుననియు, అప్పుడు ధర తగ్గుననియు ఎరుగును. అదే చెట్టు తొలివానల కాలమున ఎఱ్ఱని గీతలు గల లేతపసుపు పూలు పూచుననియు, ఆ పూత పండై చేతికి వచ్చుటకు ఎనిమిది తొమ్మిది నెలలు పట్టుననియు గమనించినవారు తక్కువ. (చింతామణి పేరు చింతచెట్టు వలన వచ్చినదని కొందరనుకొందురు, చింతామణిరావు అను మరాఠా నాయకుని వలన వచ్చినదని చెప్పుదురు.)

కానుగ సంగతియు అంతే. వేసవి మొదట ఆకు రాల్చును. పట్టుమని కొన్ని దినములు గడువకమునుపే తళతళలాడు లేతాకు తొడుగును. చైత్ర వైశాఖములలో పూచి, క్రింద నేలమీద పేలాలు చల్లినట్లు రాల్చును. ఆ నీడన బస్సు కొఱకు నిలుచువారు ఎందరో కలరు. చెట్టు మీదికి చూచువారు ఎందరు?

ఇక శాస్త్రము వంకకు వత్తము. ఆచారాంగసూత్రము మనుష్య దేహమును మొక్కతో పోల్చి, పుట్టుట, పెరుగుట, కోసిన వాడుట రెండింటికిని సమానమని చూపినది. ఊరక ఊహించి ఇట్టి పోలిక చెప్పుట కుదరదు. ఎవరో కూర్చుండి ఓపికగా చూచియుండవలెను. చాతుర్మాస్యము కూడ అట్టిదే. వానకాలము నాలుగు నెలలు సాధువులు ఒకచోట నిలుచుటకు కారణము, ఆ దినములలో నేలయంతయు మొలకలతోను, సూక్ష్మజీవులతోను నిండియుండుటయే. ఎండకాలమున వట్టి మట్టియై యున్న బాట ఆషాఢములో ప్రాణమగునని గమనించినవారే ఆ నియమము పెట్టిరి. మఱ్ఱి, రావి, జువ్వి, మేడి మొదలగు ఐదు పండ్లు శ్రావకునికి నిషిద్ధములు. మేడిపండు పొట్టలో పురుగులుండునని తెలుగునాట పిల్లలకు కూడ తెలియును. ఆ కాయ కొననున్న సన్నని రంధ్రము గుండ చిన్న కందిరీగ లోనికి దూరి, లోపలి పూలకు పుప్పొడి నందించి, అచ్చటనే గ్రుడ్లు పెట్టునని నేటి వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. చూపు ముందు పుట్టినది, వ్రతము వెనుక వచ్చినది. ఇప్పుడు వ్రతము మిగిలి చూపు పోయినది.

దీనికొక ఆక్షేపణ కలదు, తేలికగా త్రోయదగినది కాదు. పూవును చూచి సంతోషించుట కన్నను అనుసరించిన రాగము కాదా? ఇంద్రియ విషయములనుండి మరలవలసినవానిని పూత చూడుమనుట ఏమి ధర్మము? రాగమున్నచోట బంధమున్నదనుట నిజమే. పూవు కనబడిన వెంటనే చేయి చాచువాని చూపు అట్టిదే. (పూజకు పూలు కోయవచ్చునా అను తగవు పాతది; దానిని ఇచ్చట కదలింప నవసరము లేదు.) కాని ఏమియు తీసికొనకుండ, ఈ వారము మొగ్గ, వచ్చువారము పూత, ఆపైన పిందె అని చూచిపోవువాడు ఏ సొత్తును ఇంటికి చేర్చుచున్నాడు? ప్రతి పూతయు రాలుట కనులార చూచినవానికి అనిత్యభావన వేరుగ బోధింపనక్కఱలేదు.

లేశ్యలను తెలుపు నేరేడుచెట్టు కథ పాఠకు లెరిగినదే. ఆకలిగొన్న ఆరుగురు బాటసారులలో ఒకడు చెట్టును వేరుతో పెకలింతమనును, ఒకడు పెద్దకొమ్మ నరుకుదమనును, ఇట్లు తగ్గుచు వచ్చి ఆరవవాడు రాలిన పండ్లు చాలుననును. అతనిది శుక్లలేశ్య. అతడు దయాళువని అందరును చెప్పుదురు. అతడు నేలను చూచెనను మాట ఎవరును చెప్పరు. నేరేడు పండినపుడు దానంతట రాలునని ఎరుగనివాడు, ఎంత మంచివాడైనను, కొమ్మ వంపకుండ ఉండలేడు.

ఈ సీమలోనే దీనికి ఎదురు సాక్ష్యము కలదు. ఆస్ట్రేలియానుండి వచ్చిన నీలగిరి చెట్టును 1790 ప్రాంతమున టిప్పు సుల్తాను నందికొండమీద నాటించెనని చెప్పుదురు. 1980 దశకములో సామాజిక అటవీ పథకము క్రింద, నాడు కోలారు జిల్లాలో చేరియుండిన ఈ తాలూకాలలో రాగిచేలు అనేకము నీలగిరి తోపులయినవి. మేకలు ముట్టవు, కావలి అక్కఱలేదు, నరికిన మరల చిగిర్చును, టన్ను లెక్కన అమ్ముడుపోవును. ఏడాది పొడుగున ఒకటే రంగు. పూయదని కాదు, దాని పూత ఎవరికిని పట్టదు. చూడనక్కఱలేని చెట్టు కనుకనే వ్యాపారులకు నచ్చినది. భూజలము అడుగంటుచున్నదను ఆందోళన పెరిగి, 2017లో కర్ణాటక ప్రభుత్వము క్రొత్తగా నాటుటను నిషేధించినది. శ్రావకునికి తగని పదునైదు వృత్తులలో వనకర్మ ఒకటియని పూర్వులు ఏనాడో వ్రాసియుంచిరి.

చూచుటకు చదువు అక్కఱలేదు, లెక్క వ్రాయు అలవాటు చాలును. అది వర్తక కుటుంబములకు క్రొత్తది కాదు. ఇంగ్లండులో రాబర్ట్ మార్షం అను భూస్వామి 1736 మొదలు ఏ చెట్టు ఏనాడు ఆకు తొడిగినదో వ్రాయనారంభించెను. అతని వంశమువారు 1958 వరకు ఆ లెక్కను సాగించిరి. నేడు మన దేశములో సీజన్‌వాచ్ అను కార్యక్రమమున చేరినవారు, వారిలో బడిపిల్లలు అనేకులు, తాము ఎంచుకొన్న చెట్టును వారమున కొకసారి చూచి వ్రాయుచున్నారు. దీపావళికి తెఱచు క్రొత్త ఖాతాలో ఒక మూల, అంగడి యెదుటి కానుగ ఎప్పుడు ఆకు రాల్చెనో వ్రాసికొనుటకు సిరా ఎంత ఖర్చగును?

అట్లు చూచుట మొదలుపెట్టినవానికి చిక్కులు తప్పవు. ఆర్ద్రా నక్షత్రము వచ్చినపిదప మామిడిపండు మానుట శ్వేతాంబర గృహములలో ఆచారము. తెలుగు రైతు దానినే ఆరుద్రకార్తె యనును. జూను 22 ప్రాంతమున వచ్చును. వాన తగిలిన పిదప పండుఈగ ఉధృతమై, పండుచున్న కాయలో గ్రుడ్లు పెట్టును. పైకి మచ్చయైనను సరిగ కనబడదు, లోపల పురుగు. కారణ మింత స్పష్టము. అయితే పొరుగు తాలూకా శ్రీనివాసపురములో మామిడి మండీలు మే నెలలో మొదలై జూలైలో కూడ నడుచును. ఇల్లు మానిన పండును అంగడి అమ్మవచ్చునా? తినువాని పాపము తినువానిదేయని కొందరందురు. అది కొనువాడు ఎరిగి కొన్నపుడు చెల్లు మాట. పండులోనిది తనకు తెలిసియు, ఎదుటివానికి చెప్పక తూచినపుడు హింస ఒక్కటియే కాదు, సత్యవ్రతము కూడ త్రాసులోనికి వచ్చును. ఆరుద్రనాడు మండీలో కూర్చున్న శ్రావకుడు గంపకు ఒక పండైనను కోసి చూచినచో, ఆ గంపకు ధర చెప్పుటకు ముందు కొంతసేపు ఆలోచింపవలసి వచ్చును.