పాత పేరు, కొత్త కలం



మన ఇళ్ళలో ప్రతి ఇంటా ఏదో ఒక పాత వస్తువు ఉంటుంది. అమ్మమ్మ వాడిన జపమాల కావచ్చు, తాతగారి చేతి గడియారం కావచ్చు, నాన్నగారి కలం కావచ్చు. బజారులో దాన్ని అమ్మబోతే పది రూపాయలు కూడా రావు. అయినా అది కనబడకపోతే ఇల్లంతా గాలిస్తాం. అచ్చం అలాంటిదే కొత్తది తెచ్చి చేతిలో పెట్టి "ఇంక ఊరుకో" అంటే మనసు ఊరుకోదు. ఎందుకని? రూపం అదే, రంగు అదే, పని అదే కదా? ఈ వారం ఈ చిన్న ప్రశ్న గురించి మీతో మాట్లాడాలని ఉంది. ప్రశ్న చిన్నదే గాని దాని వెనుక నేను చేసిన తప్పు ఒకటి ఉంది. అది దాచుకోను, చివరలో చెబుతాను.

మా మేనల్లుడు నర్సీపట్నం దగ్గర ఒక పల్లెలో పంతులు. వాడికి సిరా కలాలంటే ప్రాణం. నెలజీతంలో కొంత తీసిపెట్టి మరీ కొంటాడు. మొన్న క్రిస్మస్ సెలవుల్లో మా ఇంటికి వచ్చినప్పుడు బల్ల మీద రెండు కలాలు పక్కపక్కన పెట్టాడు. "మావయ్యా, వీటిలో ఏది పాతదో, ఏది కొత్తదో చెప్పు చూద్దాం" అన్నాడు. రెండూ 'పార్కర్ 51' కలాలే. నేను తెల్లమొహం వేశాను.

ఆ కలం సంగతి పెద్దవాళ్ళకు కొంత తెలిసే ఉంటుంది. 1941లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. పాళీ మొత్తం బయటకు కనబడదు, కొస మాత్రం చిన్న ముక్కులాగా కనబడుతుంది. మూత తిప్పనక్కరలేదు, నొక్కితే పట్టుకుంటుంది. మన చిన్నతనంలో బడిపిల్లలు మురిసిపోయిన చైనా 'హీరో' పెన్ను గుర్తుందా? దాని పోలిక ఈ పార్కర్ నుంచి వచ్చిందే. 1970ల మొదట్లో పార్కర్ 51 తయారీ ఆగిపోయింది. దాదాపు అర్ధశతాబ్దం తరువాత, 2021లో, అదే పేరు పెట్టి అలాంటి కలాన్నే మళ్ళీ మార్కెట్లోకి తెచ్చారు.

కలాల అభిమానులు సంతోషించి ఉంటారనుకుంటాం. కొందరు సంతోషించారు. చాలామందికి మాత్రం కోపం వచ్చింది. కొత్తదాని మూత నొక్కేది కాదు, తిప్పేది. చవక రకానికి బంగారు పాళీ లేదు, ఉక్కు పాళీ. లోపల సిరా నిలిచే ఏర్పాటు కూడా పాతది కాదు, ఈ రోజుల్లో చాలా కలాలకు ఉండేదే. "కలం మంచిదే, పేరే అబద్ధం" అన్నారు కొందరు. "మరో పేరు పెట్టి అమ్మి ఉంటే మేమే కొనుక్కునేవాళ్ళం" అన్నారు ఇంకొందరు.

ఎస్టర్‌బ్రూక్ అనే మరో అమెరికా కంపెనీ కథ వినండి. 1858లో పుట్టి, 1970ల మొదట్లో మూతబడింది. పాళీని మరలాగా తిప్పి ఊడదీసి, మనకు కావలసిన మరో పాళీ బిగించుకోవడం దాని ప్రత్యేకత. 2010లలో ఆ పేరు కొత్తవారి చేతికి వచ్చింది. మొదట వచ్చిన కలాలను చూసి అభిమానులు పెదవి విరిచారు. పేరు తప్ప పాతదాని వాసన లేదన్నారు. 2018లో పేరు మరొకరి చేతికి మారింది. వారు తయారుచేసిన కలమూ పాతదాని నకలు కాదు. కాని వారు ఒక చిన్న గొట్టంలాంటి భాగాన్ని తయారుచేసి అమ్మారు. దాన్ని బిగిస్తే, తాతల కాలం నాటి పాత పాళీ కూడా ఈ కొత్త కలంలో పడుతుంది. దానితో చాలామంది మనసు మెత్తబడింది. రూపం కలిసినందుకు కాదు, తమ దగ్గరున్న పాత పాళీకి కొత్తవాడు చోటిచ్చినందుకు.

ఇదంతా వింటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. అన్నం లేనివారు ఎందరో ఉన్న లోకంలో కలం మూత నొక్కాలా తిప్పాలా అని తగవా అనవచ్చు. నిజమే. ఆ కోపంలో మంచిది కానిది కూడా కొంత ఉంది. 'నా దగ్గర ఉన్నది ఇంకొకరి దగ్గర ఉండకూడదు' అనే అహంకారం అందులో దాగి ఉండవచ్చు. పాత కలం కొనలేని ఒక కుర్రవాడు కొత్తది కొనుక్కుని సంబరపడితే, వాణ్ణి చూసి వెక్కిరించడం ప్రేమ కాదు, గర్వం. వస్తువును మనిషి కంటే పైన కూర్చోబెట్టడం ఎప్పుడూ తప్పే.

కాని ఆ కోపంలో న్యాయం కూడా ఉంది. అదేమిటో విడదీసి చూద్దాం. ఒక పాత వస్తువులో మూడు ఉంటాయి. ఒకటి దాని రూపం. రెండు దాని పేరు. మూడు దాని కథ, అంటే అది ఎవరి చేతుల్లో తిరిగింది, ఏ పనికి ఉపయోగపడింది అన్నది. రూపాన్ని పనివాడు మళ్ళీ చేయగలడు, అందులో తప్పు లేదు. పేరును డబ్బిచ్చి కొనవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. కాని కథను ఎవరూ తయారుచేయలేరు, ఎవరూ కొనలేరు. రూపం మాత్రమే ఇస్తూ, పేరు అడ్డం పెట్టుకుని, కథను కూడా ఇస్తున్నట్టు నమ్మించినప్పుడే మోసం మొదలవుతుంది.

మరి పాత వస్తువు కూడా మారుతుంది కదా అని అడగవచ్చు. గ్రీకు రచయిత ప్లూటార్కు ఒక ఓడ సంగతి రాశాడు. ఏథెన్సు ప్రజలు తమ వీరుడు థీసియస్ ఓడను చాలాకాలం కాపాడుకున్నారట. పుచ్చిన చెక్కను తీసి, గట్టి చెక్క వేస్తూ వచ్చారట. అలా మారుస్తూ పోతే అది అదే ఓడా, వేరే ఓడా అని పండితులు వాదించుకునేవారట. నాకు తోచింది చెబుతాను. ఆ ఓడను ఒకరి తరువాత ఒకరు కాపాడుతూ వచ్చారు. ఏ చెక్క ఎప్పుడు మారిందో అందరి ఎదుటా మారింది. ఎవరూ ఎవరినీ మోసగించలేదు. కాపలా తెగలేదు కాబట్టి కథా తెగలేదు.

దీనికి ఉదాహరణ కోసం గ్రీసు దాకా పోనక్కరలేదు, గోదావరి దాకా వెళితే చాలు. 2015 నుంచి రాజమహేంద్రవరం అని పిలుస్తున్న మన రాజమండ్రిలో కోసూరి వెంకటరత్నం గారు 1932లో కలాల తయారీ మొదలుపెట్టారు. ఆయన బంగారు పనివారు. గాంధీగారు ఆయనతో, సామాన్యులకు ఉపయోగపడేది ఏదైనా ఈ దేశంలోనే తయారుచేయమన్నారని చెబుతారు. మొదట చేసిన కలంలో కొన్ని భాగాలు పరదేశపువి కావడంతో గాంధీగారు ఒప్పుకోలేదనీ, అన్నీ ఇక్కడివే అయ్యాకనే తీసుకున్నారనీ కూడా చెప్పుకుంటారు. 1935 జులైలో వార్ధా నుంచి గాంధీగారు రత్నంగారికి ఉత్తరం రాశారు. మీ కలం వాడి చూశాను, బజారులో కనిపించే విదేశీ కలాలకు బదులుగా బాగానే పనికివస్తుంది అని దాని సారాంశం.

ఆ పట్టుదల మాట చూడండి. పైకి చూస్తే అది కలమే, రాస్తుంది కూడా. కాని దాన్ని స్వదేశీ అని పిలవాలంటే లోపలి భాగం కూడా స్వదేశీ కావాలి. పేరు చెప్పే మాట, లోపల ఉన్న వస్తువు ఒకటి కావాలి. అది కలాలకే కాదు, మనుషులకూ వర్తిస్తుంది. రత్నంగారి కుటుంబంవారు ఇప్పటికీ కలాలు చేస్తున్నారు. రబ్బరు, గంధకం కలిపి ఉడికించిన ఎబొనైట్ కడ్డీని లేతు మిషను మీద తిప్పి చెక్కుతారు. ఇవాళ చేసిన కలం 1935 నాటి కలం కాదు. అయినా దాన్ని రత్నం కలం అంటే ఎవరికీ అభ్యంతరం లేదు. అక్కడ పేరు చేతులు మారి తిరిగి రాలేదు. పని ఆగలేదు. తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి వచ్చింది.

ఇప్పుడు నా తప్పు చెబుతాను.

మా నాన్నగారు పంతులు, మా విచారణలో ఉపదేశి. ఆయన దగ్గర రాజమండ్రిలో కొన్న నల్లని రత్నం కలం ఉండేది. ఒకసారి గచ్చు మీద పడి పాళీ వంగితే మార్పించారు. మూత పగిలితే మూత మార్పించారు. అయినా మాకది నాన్నగారి కలమే. ఊరివాళ్ళ అర్జీలు దానితోనే రాసేవారు. గురువులు చెప్పగా జ్ఞానస్నానాల రిజిస్టరులో పేర్లు దానితోనే ఎక్కించేవారు. బడిలో చేర్చడానికి పిల్లవాడి పుట్టిన తేదీ ఒక ఏడాది ముందుకు జరిపి రాసిమ్మని ఒక దగ్గరి బంధువు వచ్చి కూర్చుంటే, మూత బిగించి కలం జేబులో పెట్టుకోవడం నేను కళ్ళారా చూశాను. ఆ బంధువు మళ్ళీ మా గడప తొక్కలేదు. నాన్నగారు పోయేముందు, మనవలలో ఎవరు పంతులైతే వారికి ఆ కలం ఇమ్మని నాకు అప్పగించారు.

ఆ కలాన్ని నేను తుని బస్సులో పోగొట్టాను. ఎవరికీ చెప్పలేదు. నాలుగేళ్ళ తరువాత మేనల్లుడికి పంతులు ఉద్యోగం వచ్చింది. అక్క సంతోషంగా కబురు పెట్టింది. నేను నర్సీపట్నం రోడ్ స్టేషనులో రైలెక్కి రాజమండ్రి వెళ్ళి, అదే కొలత నల్ల కలం కొన్నాను. ఎండ తగిలితే ఎబొనైట్ నలుపు వెలిసి గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ సంగతి తెలిసి, నెల రోజులు దాన్ని డాబా మీద ఎండబెట్టాను. గుడ్డతో రుద్ది మెరుపు పోగొట్టాను. తీసుకువెళ్ళి "ఇదిగో, మీ తాతగారి కలం" అని ఇచ్చాను. అక్క దాన్ని కళ్ళకద్దుకుని ఏడ్చింది.

కలం అమ్మినవారు నన్ను మోసగించలేదు. కొత్త కలాన్ని కొత్త కలమనే అమ్మారు. ఆ మంచి కలాన్ని అబద్ధంగా మార్చింది నేను.

ఆ క్రిస్మస్ సెలవుల్లో మేనల్లుడు రెండు పార్కర్లు చూపించాక, జేబులోంచి మూడో కలం తీశాడు. "ఎవరేమన్నా మావయ్యా, వీటన్నిటికన్నా నాకు తాత కలమే ఎక్కువ. ఇది నకలు తీయడం ఎవరి తరం?" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారాక ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

వాడు కేకలు వేయలేదు. చాలాసేపటికి ఇలా అన్నాడు: "పోయిందని అప్పుడే చెప్పుంటే, నేనే వెళ్ళి కొత్తది కొనుక్కునేవాణ్ణి మావయ్యా. తాత గుర్తుగా నేను కొనుక్కున్న కలం అయ్యేది. ఇప్పుడు దీన్ని ఏమనాలో నాకు తెలియడం లేదు." అక్కకు కూడా చెప్పాను. కొన్ని వారాలు నాతో మాట్లాడలేదు. తరువాత ఒకనాడు ఫోను చేసి, "ఏ బస్సులో పోయిందిరా?" అని మాత్రం అడిగింది.

అప్పుడు నాకు అర్థమైంది. నేను పోగొట్టింది ఒక్క కలాన్నే కాదు. ఆ కొత్త కలానికి తనదైన కథ మొదలయ్యే అవకాశాన్ని కూడా పోగొట్టాను. అక్క కన్నీళ్ళను దానివి కాని కథకు ఖర్చు పెట్టించాను. నిజం చెప్పి ఇచ్చి ఉంటే, అది నకలు అయ్యేది కాదు, జ్ఞాపకం అయ్యేది. కొత్తది కావడం దాని దోషం కాదు.

కాబట్టి పాతవాటిని మళ్ళీ తయారుచేసేవారిని తప్పు పట్టకండి. కొనుక్కునేవారిని చిన్నచూపు చూడకండి. అడగవలసింది ఒక్కటే: ఇది తానేమిటో తాను నిజంగా చెబుతోందా? మీ ఇంటి పాత వస్తువు ఎవరికైనా ఇచ్చేటప్పుడు దాని సంగతి చెప్పి ఇవ్వండి. విరిగితే విరిగిందనండి. పోతే పోయిందనండి. బదులు కొన్నదైతే బదులు కొన్నదనండి.

పోయిన నెల మేనల్లుడి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. రెండో పేజీలో పెద్ద సిరా మరక ఉంది. లోపల సిరా తగ్గినప్పుడు చేతి వేడికి ఈ కలాలు అలా కక్కుతాయి, నాన్నగారి ఉత్తరాలలోనూ ఉండేవి. అడుగున తన వాడుక ప్రకారం ఏ కలంతో రాశాడో ఒక చిన్న వాక్యం రాశాడు: "రాజమండ్రి కలం. మావయ్య కొన్నది."