పిల్లల శరీరం ఎవరి అమానతు?

మొన్నొక శుక్రవారం జుమా నమాజు ముగిశాక ఒక పెద్దాయన తన మనవణ్ణి వెంటబెట్టుకుని మా దగ్గరకు వచ్చారు. 9 ఏళ్ల అబ్బాయి. మస్జిదు మెట్లు ఎక్కేసరికే ఆయాసపడుతున్నాడు. చేతిలో చిప్స్ ప్యాకెట్టు. "డాక్టరు వీడి బరువు తగ్గించమంటున్నారు మౌలానా! ఎదిగే పిల్లాడు. తినే వయసులో నోరు కట్టేయడం పాపం కాదా?" అని అడిగారు. ఆయన ప్రశ్నలో ప్రేమ ఉంది. అందుకే వెంటనే జవాబు చెప్పలేకపోయాం.

మన ఇళ్లలో బొద్దుగా ఉన్న బిడ్డే ముద్దు. దాదీమాలు బుగ్గలు పుణికి మాషా అల్లాహ్ అంటారు. సన్నగా ఉన్న పిల్లాడి తల్లినేమో అన్నం పెట్టడం లేదా అని నిలదీస్తారు. ఆకలి రోజులు చూసిన పెద్దలకు ఒంటి మీది కండే క్షేమానికి గుర్తు. వారిని తప్పుపట్టలేం. అయితే కాలం మారింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో అయిదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువున్నవారు 2015-16లో 2.1 శాతం ఉండగా, 2019-21 నాటికి 3.4 శాతమయ్యారు.

ఆయాసం, షుగర్, మోకాళ్ల నొప్పులు అందరికీ తెలిసినవే. క్యాన్సర్ సంగతి తెలిసినవారు తక్కువ. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిపుణులు 2016లో అధిక కొవ్వుకూ 13 రకాల క్యాన్సర్లకూ సంబంధం ఉందనడానికి తగిన ఆధారాలున్నాయని తేల్చారు. పెద్దపేగు, కాలేయం, పిత్తాశయం, క్లోమం, మూత్రపిండాలు, గర్భాశయం, ముట్లుడిగాక వచ్చే రొమ్ము క్యాన్సర్ వాటిలో ఉన్నాయి. కొవ్వు అంటే గోదాములో ఊరికే పడివున్న సరుకు కాదు. అది ఈస్ట్రోజెన్ హార్మోనును తయారుచేస్తుంది, రక్తంలో ఇన్సులిన్ పెరగడానికి కారణమవుతుంది, ఒంట్లో పైకి కనిపించని వాపును రగులుస్తూ ఉంటుంది. ఇవన్నీ కణాలను విభజన వైపు పురికొల్పేవే. విభజన ఎన్నిసార్లు జరిగితే పొరపాటుకు అన్ని అవకాశాలు. పదేళ్లప్పుడు మొదలైన బరువు తగ్గకుండా కొనసాగితే, యాభయ్యో ఏడు వచ్చేసరికి ఆ ఒత్తిడి నలభై ఏళ్లుగా సాగినట్లే. డెన్మార్క్‌లోని కోపెన్‌హేగెన్‌లో 1930 నుంచి పుట్టిన బడిపిల్లల ఎత్తు, బరువుల రికార్డులు భద్రంగా ఉన్నాయి. వాటిని క్యాన్సర్ రిజిస్టరుతో సరిచూస్తే, బాల్యంలో బరువు ఎక్కువున్నవారికి పెద్దయ్యాక కాలేయ క్యాన్సర్ ముప్పు ఎక్కువగా కనిపించింది.

నిజాయితీగా ఇంకో మాట కూడా చెప్పాలి. లావుగా ఉన్న బిడ్డలందరికీ క్యాన్సర్ రాదు, చాలామందికి రాదు. అవే రికార్డుల్లో, బాల్యంలో బరువుగా ఉన్న ఆడపిల్లలకు రొమ్ము క్యాన్సర్ ముప్పు తక్కువగా కూడా కనిపించింది. మరి ఖచ్చితం కాని హానికి బాధ్యత ఉంటుందా? ఉంటుంది. షరీఅత్‌లో అనేక ఆదేశాలు బలమైన అంచనా మీదే నడుస్తాయి. ఖిబ్లా దిక్కు తెలియని బాటసారి తన మనసు గట్టిగా చెప్పిన వైపు తిరిగి నమాజు చేస్తాడు. ఖచ్చితంగా తెలియదు కదా అని నమాజు మానుకోడు.

ఫిఖ్హ్ గ్రంథాలలో యుక్తవయసు రాని పిల్లల ఆస్తి గురించి వివరమైన చర్చ ఉంది. పిల్లవాడి సొమ్ములోంచి తండ్రి ఇతరులకు కానుక ఇస్తే అది చెల్లదు. పిల్లవాడే సంతోషంగా ఇచ్చేయమన్నా చెల్లదు. పూర్తిగా నష్టం తెచ్చే పనికి ఒప్పుకునే అర్హత వాడికింకా రాలేదు. కన్నతండ్రికైనా ఆ సొమ్ము మీద ఉన్నది కాపలాదారు హక్కే. పది రూపాయల విషయంలో ఇంత కట్టడి ఉన్నప్పుడు కాలేయం విషయంలో ఉండదా? 'వాడే అడిగాడు, ఏడ్చాడు' అన్న సాకు ఇక్కడే వీగిపోతుంది. మనం ఇచ్చేది చిప్స్ ప్యాకెట్టు కావచ్చు, ఖర్చయ్యేది మాత్రం వాడి యాభయ్యో ఏటి ఆరోగ్యం. అప్పటికి లెక్క అడగడానికి మనం ఈ లోకంలో ఉండకపోవచ్చు.

'రాసిపెట్టి ఉంటే వస్తుంది' అంటారు కొందరు. సిరియాలో ప్లేగు వ్యాపించిందని తెలిసి హజ్రత్ ఉమర్ (రజి) సర్గ్ అనే చోటి నుంచి వెనుదిరిగినప్పుడు, హజ్రత్ అబూ ఉబైదా (రజి) ఇదే సందేహం వెలిబుచ్చారు. అల్లాహ్ నిర్ణయం నుంచి అల్లాహ్ నిర్ణయం వైపుకే వెళుతున్నామని ఉమర్ (రజి) సమాధానమిచ్చారు.

అలాగని నేరమంతా తల్లిదండ్రులదే అనలేం. బడి ఆవరణలోనూ, గేటుకు 50 మీటర్ల లోపలా కొవ్వు, చక్కెర, ఉప్పు మితిమీరిన తినుబండారాలు అమ్మరాదని 2020లో నిబంధనలు వచ్చాయి. బడి వదిలే వేళ ఒకసారి గేటు ముందు నిలబడి చూడండి! పండ్ల ధరకు జడిసి అయిదు రూపాయల ప్యాకెట్టుతో సరిపెట్టే తల్లిని నిందించేముందు నోరు కాస్త ఆపుకోవాలి. ఇక బిడ్డను 'లావోడా' అని పిలవడం మందు కాదు, గాయం. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) సన్నని కాళ్లను చూసి కొందరు నవ్వితే, త్రాసులో అవి ఉహుద్ కొండకన్నా బరువని దైవప్రవక్త (సఅసం) వారికి తెలియజేశారు. ఎవరి ఒంటిని చూసీ నవ్వే హక్కు మనకు లేదు.

పెద్దాయనకు ఇదంతా ఆ రోజు చెప్పలేదు. ఆ ప్యాకెట్టు ఎవరు కొనిచ్చారని మాత్రం అడిగాం. ఆయన కాసేపు మనవడి వంక చూసి, "నేనే" అన్నారు. ఇల్లు ఎంత దూరమని అడిగితే పావుగంట నడక అన్నారు. స్కూటరును పక్క వీధిలోని అల్లుడి ఇంట్లో పెట్టి ఇద్దరూ నడిచే బయలుదేరారు. అబ్బాయి మాత్రం దారి పొడవునా గొణుగుతూనే ఉన్నాడట.